మంచు ఆకాశమునుండి కురియదు

ధనుర్మాసము ప్రవేశించినది మొదలు సంక్రాంతి వెళ్లువరకు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో తెల్లవారుజామున బయలుదేరువారికి తరచుగా ఒకే దృశ్యము కానవచ్చును. ముంగిట ముగ్గు పెట్టు ఇల్లాలికి ఎదురింటి అరుగు మసకగా కనిపించును. కాలువగట్టుపై పాలబిందెలు కట్టుకొని పోవువానికి ముందున్న తూము దగ్గరకు వచ్చువరకు కనబడదు. వరి కోసిన చేలలో మినుము మొలకలపై నీటిబొట్లు ముత్యములవలె నిలిచియుండును. సూర్యుడు నాలుగు బారలు పైకి వచ్చుసరికి ఇవి యన్నియు మాయమగును.

ఈ ప్రాంతపు గ్రామములకు పోయినప్పుడు రైతులు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు: "రాశిమీద పట్టా బాగుగనే కప్పితిమి గదా! వాన చినుకైనను పడలేదు. మరి ధాన్యము పైపొర ఎట్లు తడిసినది?" ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీనికి సమాధానము తెలిసినచో మంచు, పొగమంచు, తుపాను అను మూడింటి మర్మమును తెలిసినట్లే యగును. ఆ సమాధానమును సాధ్యమైనంత సులభముగా వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

రాత్రి మంచు కురిసినదని మన మందుము. వాడుకలో ఆ మాట చెల్లును గాని, నిజమునకు మంచు ఆకాశమునుండి వానవలె కురియదు. లండను నగరములో వైద్యుడుగా నుండిన విలియం చార్లెస్ వెల్సు అనునతడు రాత్రులందు ఉన్ని పింజెలను ఆరుబయట ఉంచి, వానికి ఎంత తడి పట్టినదో తూచి చూచి, 1814లో ఒక గ్రంథము ప్రకటించెను. వస్తువు ముందుగా చల్లబడును. ఆ చల్లని వస్తువును తాకిన గాలిలోని ఆవిరియే దానిపై నీరై నిలుచును అని ఆతడు నిరూపించెను. అనగా మంచు మన చుట్టునున్న గాలిలోనుండియే వచ్చుచున్నది.

గాలిలో దాగిన నీరు

కృష్ణా పశ్చిమ డెల్టాలో నీటికి కొదువలేదు. కాలువలు, మురుగు కాలువలు, చెరువులు, తడి చేలు, వానికి తోడు దక్షిణమున సముద్రము. వీటన్నిటినుండి పగలెల్ల నీరు ఆవిరియై గాలిలో కలియుచుండును. పైరు ఆకులు కూడ ఆవిరిని విడుచుచుండును. ఈ ఆవిరి కంటికి కనబడదు. ఇడ్లీపాత్ర మూతనుండి లేచు తెల్లని పొగను మనము ఆవిరి యనుచున్నాము. నిజమునకు అది అప్పటికే చల్లబడి సన్నని బొట్లుగా మారిన నీరు. మూత సందున, పొగ మొదలగుటకు ముందు, ఏమియు కనబడని కొద్దిపాటి చోటు ఉండును. అచ్చటనున్నదే అసలైన ఆవిరి.

గాలి యెంత వెచ్చగా నున్న అంత యెక్కువ ఆవిరి దానిలో నిలువగలదు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు గల చోటును తీసికొందము. అందలి గాలి 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో నున్నప్పుడు సుమారు 30 గ్రాముల ఆవిరి వరకు ఇముడును. 20 డిగ్రీల వద్ద సుమారు 17 గ్రాములు మాత్రమే ఇముడును. 10 డిగ్రీల వద్ద 10 గ్రాములు కూడ ఇమడదు. వెచ్చని గాలి పెద్ద కుంచము, చల్లని గాలి చిన్న కుంచము అనుకొనవచ్చును. పెద్ద కుంచములోని గింజలను చిన్న కుంచములో పోసినచో మిగిలినవి నేలపాలగును గదా! గాలి చల్లబడినప్పుడు జరుగునదియు అట్టిదే.

ఒకనాటి సాయంకాలము గాలి 30 డిగ్రీల వేడి కలిగి, పైన చెప్పిన చోటులో 17 గ్రాముల ఆవిరి ఉన్నదనుకొందము. అప్పుడు మన కేమియు కనబడదు. కుంచములో ఇంకను చోటు కలదు. రాత్రి 20 డిగ్రీలకు దిగుసరికి కుంచము నిండినది. ఈ స్థితిని సంతృప్త స్థితి యనియు, ఆ వేడిమిని తుషారాంక మనియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తెల్లవారుజామునకు 17 డిగ్రీలకు దిగినచో 14 గ్రాముల అర మాత్రమే ఇముడును. తక్కిన రెండున్నర గ్రాములు నీరై బయటపడవలసినదే.

రెండున్నర గ్రాము లెంత యని తోచవచ్చును. ఒక ఎకరము నేలపై పది మీటర్ల ఎత్తువరకు నున్న గాలిని లెక్కించినచో అది సుమారు 40,000 ఘనపు మీటర్లు. దానినుండి వెలువడు నీరు సుమారు 100 లీటర్లు. ఈ నీరు ఎక్కడికో పోదు. ఎక్కడ చల్లదనము, ఆధారము దొరకునో అక్కడ నిలుచును. ఆకుపై నిలిచినచో మంచు, ధూళిని ఆశ్రయించి గాలిలో తేలినచో పొగమంచు, పట్టా అడుగున నిలిచినచో రైతునకు నష్టము. అది ఎచ్చట నిలుచునన్నది కొంతవరకు మన చేతిలో నున్నది. పంచాయతీ సభ్యులు గుర్తుంచుకొనవలసిన ముఖ్య విషయ మిదియే.

గాలి హఠాత్తుగా చల్లబడినచో

రాత్రి గాలి మెల్లగా చల్లబడును. కొన్ని సమయములలో గాలి ఒక్క క్షణములోనే చల్లబడుట కలదు. గోలీసోడా కొట్టునప్పుడు సీసా మూతివద్ద సన్నని తెల్లని పొగ లేచి అణగిపోవుట అందరు చూచినదే. సీసాలో ఒత్తిడితో నున్న వాయువు గోలీ దిగగానే ఒక్కసారిగా వ్యాకోచించును. వ్యాకోచించిన వాయువు చల్లబడును. అందలి ఆవిరి బొట్లుగా మారును. సైకిలు చక్రమునకు పంపుతో గాలి కొట్టునప్పుడు పంపు వేడెక్కును. గాలి వదలునప్పుడు వెలువడు గాలి చల్లగా తగులును. గాలిని నొక్కినచో వేడెక్కును, వ్యాకోచింపనిచ్చినచో చల్లబడును అను సూత్రమునకు ఈ రెండును తార్కాణములు.

దీనిని గ్రామ పాఠశాలలో పిల్లలకు చూపుటకు ఖర్చేమియు లేదు. ఒక ఖాళీ ప్లాస్టికు నీళ్లసీసాలో రెండు చెంచాల గోరువెచ్చని నీరు పోసి బాగుగా కదలించవలెను. ఉపాధ్యాయుడు అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి, ఆ పొగను కొంచెము సీసాలోనికి పోనిచ్చి మూత బిగించవలెను. సీసాను రెండు చేతులతో గట్టిగా నొక్కి, హఠాత్తుగా వదలినచో లోపల తెల్లని మబ్బు ఏర్పడును. మరల నొక్కినచో మబ్బు కరగిపోవును. పొగ లేకుండ ఇదే పని చేసినచో మబ్బు దాదాపు కనబడదు.

పొగతో నేమి పని? ఆవిరి బొట్టుగా కూడుటకు ఒక ఆధారము కావలెను. ధూళి, పొగ, సముద్రపు తుంపరలనుండి లేచిన ఉప్పు రేణువులు అట్టి ఆధారములు. స్కాట్లండు దేశీయుడగు జాన్ ఐట్కెన్ 1880 ప్రాంతమున ఈ విషయమును ప్రయోగములతో స్థిరపరచెను. అదే దేశమునకు చెందిన సి. టి. ఆర్. విల్సను 1894లో బెన్ నెవిస్ పర్వతముపై మబ్బులను, వానిపై వెలుగు చేయు వింతలను చూచి, అట్టి మబ్బును ప్రయోగశాలలో సృష్టింప బూనెను. ఆతడు తడిగాలిని హఠాత్తుగా వ్యాకోచింపజేసి చల్లబరచెను. ధూళి యేమియు లేని గాలిలో ఆవిరి తన పరిమితిని ఎంతో మించినను బొట్టు కట్టక నిలిచియుండుట చూచెను. అట్టి గాలిలో కంటికి కనబడని విద్యుత్కణములు దూసికొనిపోయినచో వాని దారి వెంబడి బొట్లు వరుస తీరును. ఈ మేఘపేటిక అణుశాస్త్రమునకు కన్నువలె ఉపయోగపడెను. దీనికై విల్సనునకు 1927లో నోబెల్ బహుమానము లభించినది. సోడాసీసా మూతివద్ద మనము చూచు పొగకును ఆ బహుమానమునకును మూలసూత్ర మొకటియే.

పొగమంచు, పొగ

ఆకాశము నిర్మలముగా నుండి, గాలి స్తంభించిన రాత్రులందే మంచు అధికముగా నుండును. నేల, ఆకులు, ఇంటికప్పులు తమ వేడిని ఆకాశమువైపు విడిచి చల్లబడును. మబ్బు పట్టినచో అది దుప్పటివలె ఆ వేడిని కొంత తిరిగి పంపును. కావున మబ్బు రాత్రులందు మంచు తక్కువ. గాలి వీచినచో చల్లని గాలియు వెచ్చని గాలియు కలిసిపోవును. రేకుల కప్పు శీఘ్రముగా చల్లబడుటచే తెల్లవారుజామున దాని అంచునుండి నీరు బొట్లుబొట్లుగా కారును.

నేలను తాకిన గాలి మాత్రమే గాక దానిపై పొర కూడ తుషారాంకమునకు దిగినప్పుడు బొట్లు గాలిలోనే ఏర్పడి తేలియాడును. ఇదియే పొగమంచు. సముద్రమునకు దగ్గరగనున్న మన ప్రాంతములో తేమ, ఉప్పు రేణువులు సహజముగనే కలవు. వీనికి పొగ తోడైనచో పరిస్థితి విషమించును. పొగ రేణువులు ఎక్కువైనకొలది అదే నీరు మరిన్ని సన్నని బొట్లుగా విడిపోవును. సన్నని బొట్లు త్వరగా నేలకు దిగవు. వెలుగును ఎక్కువగా చెదరగొట్టును. చూపు మరింత కుంచించుకొని పోవును. చేలలో వరిగడ్డికిని, ఊరి వెలుపల చెత్తకుప్పకును సాయంకాలము పెట్టిన నిప్పు మరునాటి తెల్లవారుజామున రహదారిపై మనుష్యుల చూపును కప్పివేయును.

భోగినాడు దీనిని స్పష్టముగా చూడవచ్చును. 2018 జనవరి 13 భోగి ఉదయమున చెన్నపట్టణములో పొగయు మంచును కలిసి దట్టముగా కమ్ముకొనుటచే అచ్చటి విమానాశ్రయములో రాకపోకలకు తీవ్రమైన అంతరాయము కలిగినది. భోగిమంట మన ఆచారము; దానిని మానవలెనని మేము చెప్పుట లేదు. ఎండిన కట్టెలు, పిడకలు చక్కగా మండి తక్కువ పొగ విడుచును. పాత చక్రముల రబ్బరు, ప్లాస్టికు సామాను, తడిచెత్త మంటలో వేయుట ఆచారము కాదు. ఆరోగ్యమునకు హాని కూడ.

రేపల్లె, బాపట్లల మీదుగా పోవు 216వ నంబరు జాతీయ రహదారిపైనను, డెల్టా కాలువగట్లపై నున్న దారులపైనను పొగమంచు ప్రాణాపాయకరము. కాలువవైపున అడ్డుగోడ లేని మలుపులో వాహనమునకు దారి కనబడకపోయినచో ఫలితమేమో వేరుగా చెప్పనక్కరలేదు.

కల్లములోని ధాన్యము

ఇప్పుడు రైతు అడిగిన ప్రశ్నకు వత్తము. యంత్రముతో కోసిన వరి తరచుగా పచ్చిగానుండి కల్లమునకు వచ్చును. అట్టి గింజ శ్వాసించును; శ్వాసించుటలో వేడిని, ఆవిరిని విడుచును. పగటి ఎండకు రాశి వేడెక్కియుండును. సాయంకాలము వేడి రాశిపై పట్టా కప్పి నాలుగు వైపుల బిగించినచో లోపలి గాలి వెచ్చగను, ఆవిరితో నిండియు నుండును. పైన పట్టా మాత్రము ఆకాశమునకు ఎదురుగా నుండి రాత్రి శీఘ్రముగా చల్లబడును. లోపలి ఆవిరి పైకి లేచి పట్టా అడుగును తాకి బొట్లుగా మారి మరల గింజపై పడును. అన్నపుకుండ మూత అడుగున నీరు పట్టుట వంటిదే యిది. బయటి మంచు లోపలికి దిగినదని రైతు భావించును. నిజమునకు ఆ నీరు ఆతని ధాన్యమునుండి వచ్చినదే.

ఇట్లు తడిసిన పైపొరలో గింజ రంగు మారును, బూజు పట్టును, కొన్ని మొలకెత్తును. ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యములో తేమ 17 శాతమునకు మించరాదు. చిరకాలము నిల్వయుంచుటకు 14 శాతమునకు లోబడియుండుట మేలు. పగలంతయు ఆరబెట్టి సాధించినది ఒక్క రాత్రిలో పోగొట్టుకొనినచో ధర తగ్గుట, తిరిగి ఆరబెట్టు కూలి, కాలహరణము అన్నియు రైతు నెత్తినే పడును.

దీనికి ఉపాయములు కష్టమైనవి కావు. ఎండలో ఆరిన ధాన్యమును పొద్దు వాలువేళకు ముందుగనే పలుచగా కదలించి వేడి తగ్గనిచ్చి, పిమ్మట రాశి పోయవలెను. రాశిపై ఎండుగడ్డి పొర పరచి, దానిపై పట్టా కప్పినచో బొట్లు గడ్డిలో ఇంకును. వాన సూచన లేనినాడు పట్టా అడుగు అంచులలో కొంత సందు విడిచినచో ఆవిరి బయటికి పోవును. ఉదయము బయటి మంచు ఆరినపిమ్మటనే పట్టా తీసి, రాశిని తిరగవేయవలెను. గోదాములలో బస్తాలను నేలపై గాక చెక్కలపై ఉంచి, గోడకు జానెడు ఎడము విడువవలెను. నేల, గోడలు చల్లబడి వానిపై కూడ ఆవిరి నీరగును.

పైరు విషయములో మంచుకు రెండు ముఖములు కలవు. వరికోతకు ముందు చల్లిన మినుము నేలలో మిగిలిన తేమతో పెరుగును. ఆకులపై నిలుచు మంచు ఎండబెట్టను కొంత తగ్గించి దానికి తోడ్పడును. కాని ఆకు చాలసేపు తడిగా నున్నచో మినుములో తుప్పు తెగులు, వరిలో అగ్గి తెగులు వంటివి మొలకెత్తుటకు అవకాశము కలుగును. ఈ తెగుళ్ల బీజములు పొడి ఆకుపై మొలవలేవు. కావున వరుసగా కొన్నినాళ్లు మంచు దట్టముగా పట్టినప్పుడు చేలను తరచుగా పరీక్షించి, మచ్చలు కనబడగనే వ్యవసాయాధికారుల సలహా పొందవలెను. 1945లో స్థాపించిన బాపట్ల వ్యవసాయ కళాశాల ఈ ప్రాంతమున నుండుట మన భాగ్యము.

అదే ఆవిరి, తుపానైనప్పుడు

సోడాసీసాలో జరిగినదే సముద్రముపై మహా పరిమాణములో జరిగినచో తుపాను అగును. సముద్రపు నీరు 26, 27 డిగ్రీలకు పైగా వేడెక్కినప్పుడు దానిపై గాలి ఆవిరితో బరువెక్కును. ఆ గాలి పైకి లేచును. పైకి పోయినకొలది చుట్టునున్న ఒత్తిడి తగ్గుటచే అది వ్యాకోచించి, బొట్లు కట్టువరకు ప్రతి కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున చల్లబడును. పిమ్మట ఆవిరి నీరై మబ్బు కట్టును.

ఇచ్చట మరియొక విశేషము కలదు. ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. మట్టికూజాలోని నీరు చల్లబడుట ఈ కారణముననే. ఆవిరియై పోవు నీరు వేడిని తీసికొనిపోవును. ఆవిరి తిరిగి నీరగునప్పుడు ఆ వేడి యంతయు బయటపడును. వేయి ఎకరముల గ్రామముపై ఒక సెంటీమీటరు వాన కురిసినదనుకొందము. ఆ నీరు మబ్బుగా మారునప్పుడు వెలువడిన వేడి సుమారు 6,000 టన్నుల సాధారణ బొగ్గును కాల్చిన వేడికి సమానము. ఈ వేడి గాలిని మరింత పైకి నెట్టును. దాని స్థానమున సముద్రముపైనుండి మరింత తడిగాలి దూసికొనివచ్చును. భూమి తిరుగుటచే ఆ గాలి సుడి తిరుగును. ఆ సుడియే తుపాను.

1977 నవంబరు 19 నాటి తుపాను దివిసీమను, రేపల్లె, బాపట్ల తీరగ్రామములను ముంచి వేలాది ప్రాణములను బలిగొనిన సంగతి పెద్దలు మరువలేరు. 1990 మే నెలలో దాదాపు అంతటి బలము గల తుపాను కృష్ణానది ముఖద్వారము సమీపమున తీరము దాటినది. అప్పటికి హెచ్చరికలు, ప్రజలను తరలించు ఏర్పాట్లు మెరుగుపడియుండుటచే ప్రాణనష్టము సుమారు వెయ్యికి పరిమితమైనది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు కోతదశలోని వరియు, కల్లములలోని ధాన్యమును తడిసి రైతులు నష్టపడిరి. ప్రాణనష్టము మునుపటి తుపానులతో పోల్చినచో మిక్కిలి స్వల్పము. తుపానును ఆపు శక్తి మనకు లేదు. హెచ్చరిక అందిన గంటనుండి తుపాను వచ్చు గంటవరకు గల వ్యవధిని వినియోగించుకొను శక్తి మాత్రము కలదు.

పంచాయతీలు చేయదగినవి

పైన చెప్పినదానిని బట్టి గ్రామ పంచాయతీలు కార్తీకమాసములోనే గ్రామసభలో చర్చించి నిర్ణయింపదగిన పనులు కొన్ని కలవు.

గట్టుదారులలో మలుపులు, తూములు, వంతెనల వద్ద రాళ్లకు తెల్లసున్నము వేయించుట, వెలుగు పడగనే మెరయు గుర్తులు పెట్టించుట మొదటి పని. సాయంకాలము తరువాత చెత్తకు గాని గడ్డికి గాని నిప్పు పెట్టకుండ కట్టుబాటు చేసికొనుట రెండవ పని. గడ్డి పశువులకు మేతయు, నేలకు ఎరువును గదా! గ్రామములో ఉమ్మడి సిమెంటు కల్లము, సరిపడు పట్టాలు, తేమ కొలుచు యంత్రము ఉన్నవో లేవో చూచుకొనుట మూడవ పని. వాతావరణ శాఖ హెచ్చరిక అందినవెంటనే కల్లములోని ధాన్యమును ఎవరు, ఏ బండ్లతో, ఎచ్చటికి చేర్పవలెనో, వృద్ధులను, పిల్లలను ఏ భవనమునకు తరలింపవలెనో ముందుగనే వ్రాసియుంచుట నాలుగవ పని.

వీనిలో ఏ ఒక్కటియు గ్రామశక్తికి మించినది కాదు. సాయంకాలపు నిర్మలమైన గాలిలో ప్రతి ఎకరముపై ఎన్నో లీటర్ల నీరు కనబడకుండ నిలిచియున్నదని తెలిసిన సభ్యుడు, రాత్రి చల్లబడినప్పుడు ఆ నీరు ఎచ్చట చేరునో ముందుగనే ఆలోచించును. వచ్చు ధనుర్మాసములో కల్లమువద్ద ఏ రైతైనను "వాన లేదు గదా, ధాన్యమెట్లు తడిసినది?" అని అడిగినచో, అన్నపుకుండ మూతను చూపి సమాధానము చెప్పగల సభ్యుడు ప్రతి గ్రామములోను ఉండవలెనని మా కోరిక.